ఆలస్యమా, తక్కువా: కొలంబియా నదిలో వసంత సాల్మన్ సీజన్ మీద ఒక కేస్ స్టడీ

2005 వసంతంలో అమెరికా వాయవ్య మూలన పారే కొలంబియా నదికి ఎగువ ప్రాంతపు చినూక్ సాల్మన్ చేపలు 2,54,100 వస్తాయని ముందుగా లెక్క కట్టారు. వచ్చినవి దాదాపు 1,06,900. సగం కూడా కాదు. డ్యామ్ దగ్గర లెక్క ఎంతకీ పెరగకపోవడంతో, గాలాలు వేసేవాళ్లు ఇంకా నదిలో ఉండగానే ఏప్రిల్‌లో సీజన్‌ను అర్ధాంతరంగా మూసేయాల్సి వచ్చింది. ఐదేళ్ల తర్వాత, 2010లో అంచనా 4,70,000 అయితే వచ్చినవి సుమారు 3,15,000. 2022లో కథ తిరగబడింది. 1,22,900 అనుకుంటే 1,85,000 దాకా వచ్చాయి.

ఈ నది మీద సరదా వేట సీజన్ల లెక్కలతో పనిచేసేవాణ్ణి కాబట్టి, "మీ అంచనా ఎందుకు తప్పింది?" అన్న ప్రశ్న నాకు ప్రతి వసంతంలోనూ ఎదురవుతుంది. దానికి జవాబు ఉంది, కింద చెబుతాను. కానీ ఇన్నేళ్ల లెక్కలు చూశాక నాకు కుదిరిన అభిప్రాయం వేరే ఉంది. డిసెంబరులో వేసే అంచనా ఎంత మెరుగుపరిచినా కొన్నేళ్లు ఘోరంగా తప్పుతూనే ఉంటుంది. అందుకే మన శ్రమలో ఎక్కువ భాగం అంచనాను సరిచేయడం మీద కన్నా, అది తప్పిన ఏడాది కూడా నది దెబ్బతినకుండా సీజన్‌ను అమర్చడం మీద పెట్టాలి.

చేప, నది, హక్కులు

కొలంబియా కెనడాలో పుట్టి వాషింగ్టన్ రాష్ట్రం మీదుగా వచ్చి, చివరి భాగంలో వాషింగ్టన్, ఆరిగన్ రాష్ట్రాలకు సరిహద్దుగా పారి, ఆస్టోరియా దగ్గర పసిఫిక్‌లో కలుస్తుంది. సముద్రం నుంచి పైకి దాదాపు 235 కిలోమీటర్లు వస్తే మొదట తగిలే డ్యామ్ బోన్‌విల్. 1938 నుంచి ఏటా అక్కడ చేపలను లెక్కపెడుతున్నారు.

గోదావరి జిల్లాలవాళ్లకు ఈ చేప సంగతి చెప్పడం తేలిక. సముద్రంలో ఇలసగా తిరిగేది ఏటికి ఎదురీది పులస అయినట్టే, చినూక్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన ఏరు వెతుక్కుంటూ తిరిగొస్తుంది. అయితే పులస మళ్లీ సముద్రానికి పోగలదు, చినూక్ పోదు. గుడ్లు పెట్టిన కొన్నాళ్లకే చచ్చిపోతుంది. వసంతంలో నదిలోకి వచ్చే చినూక్ గుడ్లు పెట్టేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అన్ని నెలలూ నదిలో ఏమీ తినకుండా బతకాలి కాబట్టి ఒంటినిండా కొవ్వు పట్టించుకుని వస్తుంది. దాని రుచికి అంత పేరు రావడానికి కారణం ఆ కొవ్వే. మార్చిలో ఇంకా చలి పోకముందే చీకటితో లేచి బోట్లు దింపే జనం ఆ రుచి కోసమే వస్తారు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అంటే తేదీలు ముందే ఖాయం. ఏ జాలరికైనా నోటికి వచ్చు. కొలంబియాలో అలా కుదరదు. సీజన్ ఎన్ని రోజులన్నది ఆ ఏడు ఎన్ని చేపలు వస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అది తెలిసేది సీజన్ చాలావరకు అయిపోయాక.

ఇక్కడ రెండు రకాల చేపలు కలిసి ఈదుతుంటాయి. హ్యాచరీల్లో పెంచి వదిలినవాటికి చాలావరకు తోక దగ్గర వీపు మీద ఉండే చిన్న కండ రెక్కను పిల్లగా ఉన్నప్పుడే కత్తిరిస్తారు. ఆ రెక్క లేని చేపను ఉంచుకోవచ్చు, ఉన్నదాన్ని నీళ్లలోనే విడిచిపెట్టాలి. రెక్క ఉన్నవాటిలో సహజంగా పుట్టినవి ఉంటాయి. కొలంబియా ఉపనది అయిన స్నేక్ నది వసంత, వేసవి చినూక్‌ను 1992లో ప్రమాదపు అంచున ఉన్న జాతిగా, ఎగువ కొలంబియా వసంత చినూక్‌ను 1999లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా కేంద్ర చట్టం కింద చేర్చారు. విడిచిపెట్టిన చేపలన్నీ బతకవు. వసంత సీజన్‌లో గాలానికి పడి వదిలినవాటిలో 10 శాతం చచ్చిపోతాయని లెక్కలో పట్టుకుంటారు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది హక్కుల మాట. యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పర్స్ అనే ఆదివాసీ తెగలు 1855 ఒప్పందాల్లో తమ భూములు వదులుకున్నా చేపల వేట హక్కును మాత్రం వదులుకోలేదు. 1969లో "అమెరికా వర్సెస్ ఆరిగన్" కేసులో కోర్టు ఆ తెగలకు న్యాయమైన వాటా దక్కాల్సిందేనని తేల్చింది. ఇప్పటికీ సీజన్లన్నీ ఆ కేసు కింద కుదిరిన ఒప్పందానికి లోబడే నడుస్తాయి. తెగల వేట ఎక్కువగా బోన్‌విల్‌కు ఎగువన. గాలం వేసే జనం ఎక్కువగా దిగువన. అంటే చేప ముందు ఎదురయ్యేది సరదాగా వేటాడేవాళ్లకు. ఏప్రిల్‌లో మేం పొరపాటున ఎక్కువ తీసుకుంటే పైన వలలు వేసుకుని ఎదురుచూసేవాళ్లకు తగ్గుతుంది. వసంతంలో వచ్చే మొదటి సాల్మన్‌తో విందు చేసుకోవడం ఆ తెగలకు తరతరాల ఆచారం. మీటింగులో కోటా గురించి మాట్లాడే ప్రతిసారీ ఈ వరస గుర్తుంచుకోవాలని నేను పట్టుబడతాను.

డిసెంబరు అంచనా

అంచనాకు ఆధారం జాక్‌లు. వసంత చినూక్‌లో ఎక్కువ భాగం నాలుగో ఏట, కొన్ని ఐదో ఏట నదికి వస్తాయి. కొన్ని మగ చేపలు మాత్రం తొందరపడి మూడో ఏటనే, చిన్న సైజులో వచ్చేస్తాయి. వాటినే జాక్‌లంటారు. అవి ఎక్కువగా కనిపిస్తే వాటితో పాటు సముద్రంలోకి పోయిన తోటి చేపలు కూడా బాగా బతికి ఉన్నాయని అర్థం, వచ్చే ఏడు అవి పెద్ద చేపలుగా వస్తాయి. దశాబ్దాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంబంధం నిజమే. ఆ నిష్పత్తితోనే రాష్ట్రాలు, తెగలు, కేంద్ర శాఖల నిపుణులు కలిసిన సాంకేతిక కమిటీ ఏటా డిసెంబరులో ఒక సంఖ్య తేలుస్తుంది.

నిష్పత్తి స్థిరంగా ఉన్నంతకాలం అంతా బాగానే ఉంటుంది. 2009లో ముందెన్నడూ లేనన్ని జాక్‌లు వచ్చాయి. పాత నిష్పత్తితో గుణిస్తే నమ్మశక్యం కాని సంఖ్య వచ్చింది. దాన్ని తగ్గించి తగ్గించి వేసినా 4,70,000 దగ్గర ఆగింది. వచ్చినవి మూడింట రెండు వంతులు. జాక్‌గా మారడం అన్నది ఎన్ని చేపలు బతికాయన్న దాని మీద మాత్రమే ఆధారపడదు. పిల్ల చేప ఎంత వేగంగా పెరిగిందన్నదీ ముఖ్యమే. హ్యాచరీలో బాగా మేపి పెద్దవి చేసి వదిలినా, సముద్రంలో మొదటి ఏడాది తిండి బాగా దొరికినా, ఎక్కువ మగ చేపలు మూడో ఏటనే తిరుగుముఖం పడతాయి. నాలుగో ఏట రావాల్సినవాటిలో కొన్ని ముందే వచ్చేశాయన్న మాట. లెక్కలో మాత్రం అది సమృద్ధిలా కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా సముద్రపు సూచికలు కలుపుతున్నారు. ఆరిగన్ తీరంలో న్యూపోర్ట్ దగ్గర అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నీటి ఉష్ణోగ్రత, చిన్న చేపల సంఖ్య, కోపిపాడ్‌లనే సూక్ష్మ జీవుల రకాలు కొలుస్తున్నారు. చల్లని నీటితో వచ్చే కొవ్వు ఎక్కువున్న కోపిపాడ్‌లు పెరిగిన ఏడు సాల్మన్ పిల్లలకు మంచి ఏడు. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్ అసాధారణంగా వేడెక్కినప్పుడు ఆ సూచికలన్నీ దిగజారాయి. తర్వాతి ఏళ్లలో వచ్చిన చేపలూ తగ్గాయి. దిశ చెప్పడంలో ఇవి పనికొస్తాయి. ఎన్ని చేపలన్నది మాత్రం ఇవి కూడా గట్టిగా చెప్పలేవు.

అంచనా నుంచి సీజన్ దాకా

చేప వస్తున్నకొద్దీ బోన్‌విల్ దగ్గర లెక్క తెలుస్తుంది. అది చూసి కమిటీ సాధారణంగా మే మొదట్లోనో మధ్యలోనో అంచనాను సవరిస్తుంది. ఆ సవరణ వచ్చేదాకా డిసెంబరు అంచనాలో 30 శాతం కోసేసి, మిగతా 70 శాతమే వస్తుందన్నట్టు సీజన్ నడపాలి. దాన్ని బఫర్ అంటాం.

గుండ్రటి సంఖ్యలతో ఒక లెక్క వేసి చూద్దాం, ఇది ఏ ఏడాదిదీ కాదు. అంచనా లక్ష. బఫర్ తీస్తే 70,000. అందులో చట్టం కాపాడే సహజ చేపలు 10,000 అనుకుందాం. తెగలకు చెందనివాళ్ల వేట వల్ల చావదగ్గవి, ఒక మాదిరి ఏడాదిలో, వాటిలో సుమారు 2 శాతం. అంటే 200 చేపలు. వదిలినవాటిలో పదో వంతు చస్తాయి కాబట్టి, 200 చావాలంటే 2,000 సహజ చేపలు గాలానికి పడి వదలబడి ఉండాలి. మిగతా 60,000 రెక్క కత్తిరించిన హ్యాచరీ చేపలే అనుకుంటే, అవి సహజ చేపలకు ఆరు రెట్లు, కాబట్టి ఆ సమయంలో జనం ఇంటికి తీసుకెళ్లే చేపలు దాదాపు 12,000. దీనికి తోడు తెగల వాటాతో సమతూకం ఉండాలన్న హద్దు వేరే ఉంది. ఏది ముందు తగిలితే అక్కడితో సీజన్ ఆగుతుంది.

ఈ లెక్కలో ప్రతి అంకె కింద ఒక అనుమానం ఉంది. సహజ చేపల వాటా మారుతుంది. చావు శాతం నీటి వేడిని బట్టి, చేపను పట్టుకున్న తీరును బట్టి మారుతుంది. నదిలో ఉన్న ప్రతి చినూక్ బోన్‌విల్ దాటేదీ కాదు, కొన్ని దిగువనే కలిసే విల్లమెట్ నదిలోకి తిరిగిపోతాయి, వాటి లెక్క విడిగా చూడాలి. అయినా ఇవన్నీ కలిపినా అసలు అంచనాలో వచ్చే తేడా ముందు చిన్నవే.

ర్యాంపు దగ్గర

పట్టిన చేపల లెక్క ఎలా వస్తుందో బయటివాళ్లు ఎవరూ అడగరు. నాకు మాత్రం ఈ పనిలో అన్నిటికన్నా గౌరవం ఉన్న చోటు అదే. బోట్లను నీళ్లలోకి దింపే ర్యాంపు మీద, పట్టుబడి వివరాలు సేకరించే శాంప్లర్ ఒకరు వాన కోటు వేసుకుని, క్లిప్‌బోర్డో ట్యాబ్లెట్టో పట్టుకుని నిలబడి ఉంటారు. బోటు ట్రైలర్ ఎక్కగానే వెళ్లి అడుగుతారు: ఎంతమంది వెళ్లారు, ఎన్ని గంటలు వేశారు, ఎన్ని ఉంచుకున్నారు, రెక్క ఉన్నవి ఎన్ని వదిలారు. ఐస్ బాక్సులోంచి చేపను తీసి పొడవు కొలుస్తారు. వీపు పక్కన కత్తి మొనతో నాలుగు పొలుసులు గీకి కాగితం మీద అతికిస్తారు. చెట్టు మొద్దులో వలయాల్లా ఆ పొలుసుల మీది గీతలు వయసు చెబుతాయి. చేతికర్రలాంటి డిటెక్టర్‌ను ముట్టె మీద ఆనిస్తే, లోపల హ్యాచరీ వాళ్లు పెట్టిన సన్నని తీగ ట్యాగ్ ఉంటే అది మోగుతుంది.

అదే రోజు చిన్న విమానం నది మీదుగా వెళ్లి బోట్లను, ఒడ్డున గాలాలు వేసినవాళ్లను లెక్కపెడుతుంది. ర్యాంపులో తేలిన సగటును విమానం చెప్పిన జనసంఖ్యతో గుణిస్తే ఆ రోజు పట్టుబడి వస్తుంది. చిక్కంతా వేగంలో ఉంది. నీరు తేరుకుని, ఎండ కాసి, శనివారం కలిసొచ్చిందంటే వారమంతా పడినన్ని చేపలు ఒక్క రోజులో పడతాయి. మేం ఆ లెక్క చేతికి తీసుకునేసరికి ఆదివారం కూడా అయిపోతుంది.

ఏప్రిల్ చిక్కు

ఇక అసలు సంగతికి వస్తాను. బోన్‌విల్‌లో చేపల మెట్లు ఉంటాయి. ఆ మెట్ల దారిలో ఒక చోట గాజు కిటికీ. దాని అవతల కూర్చున్న మనిషి దాటిపోయే ప్రతి చేపనూ గుర్తుపట్టి మీట నొక్కుతారు: పెద్ద చినూక్, జాక్, స్టీల్‌హెడ్ అనే ట్రౌట్. గంటలో 50 నిమిషాలు లెక్కపెట్టి, 10 నిమిషాలు కళ్లకు విశ్రాంతి ఇస్తారు, ఆ పది నిమిషాలకు సరిపడా లెక్కను పెంచుతారు. ఇంత పెద్ద నదిలో ఇంత నికరమైన లెక్క దొరకడం నిజంగా అదృష్టం.

ఏప్రిల్ 25 నాటికి ఆ కిటికీ ముందు 12,000 పెద్ద చేపలు దాటాయనుకుందాం. మామూలు ఏళ్లలో ఆ తేదీకి మొత్తంలో ఐదో వంతు దాటి ఉంటే, ఈ ఏడు మొత్తం 60,000 అవుతుంది. వలస ఆలస్యమై పదో వంతే దాటి ఉంటే మొత్తం 1,20,000. ముందుగా వచ్చేసి 30 శాతం దాటిపోయి ఉంటే మొత్తం 40,000. కిటికీ దగ్గర కనిపించేది ఒకే సంఖ్య. దాని వెనక 40,000 ఉండొచ్చు, 1,20,000 ఉండొచ్చు. ఒకటైతే సీజన్ మూసేయాలి, ఇంకొకటైతే ఇంకో వారం తెరవచ్చు. సగటున సగం చేపలు దాటేది మే మొదటి, రెండో వారాల్లో. అది దాటాకే ఈ గందరగోళం విడుతుంది.

ఆలస్యమా, తక్కువా అన్నది ఏప్రిల్‌లోనే చెప్పడానికి దారులు లేకపోలేదు. డ్యామ్‌కు దిగువన గంటకు ఎన్ని చేపలు పడుతున్నాయో చూస్తాం. కింద బాగా పడుతూ పైన కిటికీ ఖాళీగా ఉంటే చేపలు నదిలో ఆగి ఉన్నాయని, వస్తాయని అర్థం. రెండు చోట్లా ఖాళీగా ఉంటే చేపలే లేవని అనుమానం. పిల్లలుగా ఉన్నప్పుడు ఒంట్లో చిన్న ఎలక్ట్రానిక్ ట్యాగ్ పెట్టిన చేపలు డ్యామ్ దాటితే, ఏ ఉపనది చేపలు ముందొస్తున్నాయో, అవి మామూలుగా ఏ తేదీకి వచ్చేవో తెలుస్తుంది. నీటి ప్రవాహం, ఉష్ణోగ్రత, బురద కూడా చూస్తాం. డ్యామ్ దిగువన చేపలు తినే సీ లయన్లు (సముద్ర సింహాలు) ఎన్ని చేరాయో, ఎన్ని చేపలు తింటున్నాయో కూడా చూడాలి. కిటికీ దాకా రాకుండానే పోయే చేపలు అవి.

2017 ఈ ఆధారాలన్నిటినీ ఒకేసారి పనికిరాకుండా చేసింది. అంచనా 1,60,400. ఆ వసంతంలో మంచు కరిగిన నీటికి వానలు తోడై నది ఉధృతంగా, చల్లగా, బురదగా పారింది. చేప డ్యామ్ దగ్గరకు రావడానికి ఇష్టపడలేదు, ఏప్రిల్ లెక్క అన్నేళ్లలో అట్టడుగున ఉంది. సరే, కింద గాలాలకు పడుతున్నాయా అని చూస్తే, బురదనీళ్లలో చేపకు ఎర కనిపించదు, అక్కడా పడలేదు. రెండు చోట్లా ఖాళీ అంటే తక్కువ అనుకోవాలని పైన చెప్పాను. ఆ ఏడు ఆ సూత్రం చెల్లలేదు, ఎందుకంటే రెండు ఖాళీలకూ కారణం ఒకే నీరు. సీజన్ ఆపేశారు. మేలో అంచనాను గట్టిగా తగ్గించారు. ఆ తర్వాత ఆలస్యంగా చేపలు వచ్చేకొద్దీ మళ్లీ పెంచుకుంటూ వచ్చారు. చివరికి తేలింది దాదాపు 1,16,000. అంటే ఆ ఏడు వలస ఆలస్యమూ అయింది, అంచనా కన్నా తక్కువా వచ్చింది.

దీన్నుంచి నేను తీసుకున్న నియమం ఒకటుంది: రెండు ఆధారాలు ఒకే మాట చెబుతున్నప్పుడు, ఆ రెంటినీ ఒకే కారణం నడిపిస్తోందేమో ముందు చూడాలి. అలా అయితే అవి రెండు సాక్ష్యాలు కావు. ఉధృతంగా, బురదగా పారే ఏడాదిలో దిగువ పట్టుబడి రేటును నేను లెక్కలోంచి దాదాపు తీసేస్తాను, ట్యాగ్ చేపల తేదీలకు ఎక్కువ విలువ ఇస్తాను.

30 శాతం సరిపోతుందా

వెనక్కి వెళ్లి ఇదే బఫర్‌ను పాత ఏళ్లకు పెట్టి చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. 2017కి సరిగ్గా అతికినట్టు సరిపోతుంది: 1,60,400లో 70 శాతం 1,12,280, వచ్చినవి దానికి కొంచెం ఎక్కువ. 2010కి 3,29,000 వస్తుంది, వచ్చినవి 3,15,000, కొద్దిలో తప్పింది. 2005లో ఇది ఉన్నా ఆదుకునేది కాదు: 1,77,870 వస్తాయనుకుని సీజన్ నడుపుతుంటే వచ్చింది 1,06,900. 2022కి అయితే 86,000 మీద సీజన్ నడపాలి, నదిలో దానికి రెట్టింపు దాటి చేపలున్నాయి.

2022 లాంటి ఏడాది తర్వాత బఫర్ తగ్గించమని వచ్చే ఒత్తిడి మామూలుగా ఉండదు. గైడ్లు, ఎరల షాపులవాళ్లు, మోటెల్ యజమానులు రెండు రాష్ట్రాల ఉమ్మడి విచారణకు వచ్చి మాట్లాడతారు. వాళ్ల బాధ నిజమైనది. దిగువ నదిలో మంచి వేట మార్చి చివర నుంచి ఏప్రిల్ చివర దాకా. మేలో అంచనా పెంచి మళ్లీ తెరిచినా, అప్పటికి చేపల్లో పెద్ద భాగం డ్యామ్ దాటి పోయి ఉంటుంది. ఏప్రిల్‌లో పోయిన అవకాశాన్ని జూన్‌లో ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అయినా నేను బఫర్ పక్షమే. రెండు తప్పుల బరువు ఒకటి కాదు. అనవసరంగా మూస్తే దిగువ గాలంవాళ్లకు ఒక వసంతం పోతుంది, చేపలు మాత్రం పైకి వెళ్లి పైవాళ్లకు దొరుకుతాయి, లేదా గుడ్లు పెడతాయి. అనవసరంగా తెరిస్తే ఆ బరువు పడేది నిర్ణయంలో లాభం పొందనివాళ్ల మీద: ఎగువన తెగల మీద, ఐడహోలో క్లియర్‌వాటర్, సాల్మన్ నదుల దగ్గర ఎదురుచూసేవాళ్ల మీద, చివరికి చేపలు గుడ్లు పెట్టే వాగుల మీద. కొన్ని ఉపనదుల్లో సహజ చేపలు ఎంత తక్కువంటే, అక్కడ కొన్ని పదులు తగ్గినా ఒక తరం బలహీనపడుతుంది.

సముద్రంలో కిటికీ లేదు

కొలంబియాకు బోన్‌విల్ ఉంది కాబట్టి మేలోనైనా నిజం తెలుస్తుంది. దక్షిణాన కాలిఫోర్నియా సముద్ర సీజన్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. అక్కడ వేట చాలావరకు సాక్రమెంటో నది శరత్కాలపు చినూక్ మీద. చేప సముద్రంలో ఉండగానే పడుతుంది, ఎన్ని బతికి నదికి చేరాయన్నది శీతాకాలంలో గుడ్లు పెట్టే చోట్ల లెక్కపెడితే గానీ తెలియదు. అక్కడా అంచనాకు ఆధారం జాక్‌లే.

2022లో సాక్రమెంటో అంచనా దాదాపు 3,96,500. వేట పోను నదికి రెండు లక్షల దాకా చేరాలని సీజన్ కట్టారు. చేరినవి 62,000 దాకా. కనీస లక్ష్యం 1,22,000లో సగం. కరువులో వేడెక్కిన నదులు, సముద్రంలో ఆంచోవీ అనే చిన్న చేపలనే ఎక్కువగా తిన్న తల్లి చేపలకు థయమిన్ విటమిన్ లోపం వచ్చి పిల్లలు చనిపోవడం, ఇవన్నీ అప్పటికే మోగుతున్న గంటలు. 2023లో అంచనా 1,70,000 లోపే ఉండటంతో కాలిఫోర్నియా సముద్రంలో సాల్మన్ వేట మొత్తం మూసేశారు. 2024లోనూ మూసే ఉంచారు.

2025లో వాణిజ్య వేటను మూడో ఏడూ మూసి, సరదా వేటకు మాత్రం కొన్ని రోజులు ఇచ్చారు. వేసవికి 7,000 చేపలు హద్దు, మొదటి తెరుపు జూన్ 7, 8 తేదీల్లో. ఆ రెండు రోజుల్లోనే పట్టుబడి 9,000 దాటింది. వేసవిలో మిగతా తేదీలన్నీ రద్దయ్యాయి. జనాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. రెండేళ్లు గాలం ముట్టని మనుషులకు రెండే రోజులు ఇస్తే అందరూ ఆ రెండు రోజులే వస్తారు, గాలి కూడా అనుకూలిస్తే ఎవరూ ఇంట్లో కూర్చోరు. మామూలు సీజన్‌లో రోజుకు ఇంతమంది వచ్చేవారన్న పాత సగటు అక్కడ పనికిరాదు. సీజన్‌ను ఎంత కుదిస్తే రోజుకు పట్టుబడి అంత పెరుగుతుందని లెక్కలో ముందే పెట్టుకోవాలి. కొలంబియాలో మేం చిన్న తెరుపులు ఇచ్చేటప్పుడు ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: దీనికి ముందు నది ఎన్నాళ్లు మూసి ఉంది?

నేను కోరే పద్ధతి

రెండు మూడు రోజుల తెరుపు, తర్వాత ర్యాంపు లెక్కలూ విమానం లెక్కలూ చేతికి వచ్చేదాకా విరామం, తర్వాత మళ్లీ తెరుపు. ఇది కొంతవరకు ఇప్పటికే జరుగుతోంది, నేను దాన్ని ఏప్రిల్ అంతటికీ నియమం చేయమంటాను. రెండోది, తెరవాలా మూయాలా అన్నది ఏ సంఖ్య చూసి తేలుస్తామో మార్చిలోనే, ఎవరికీ ఏ ఒత్తిడీ లేనప్పుడే రాసుకోవాలి. ఫలానా తేదీకి కిటికీ లెక్క ఇంతకన్నా తక్కువుండి, నీరు మామూలుగానే పారుతుంటే మూసేస్తాం; ప్రవాహం ఎక్కువగా ఉంటే మూసేసి, వలస తక్కువని మాత్రం అప్పుడే ప్రకటించం. ఇలా ముందే రాసి ఉంటే ఏప్రిల్ మధ్యలో గది నిండా జనం ఉన్నప్పుడు వాదన కాస్త చల్లగా సాగుతుంది.

మూడోది నోటీసు. ఆరిగన్‌లో పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, కొందరికి ఈ గాలం పిచ్చి బాగా పట్టింది. ప్రతి ఏప్రిల్‌లో ఫోన్ వస్తుంది.

"అన్నా, ఈ శనివారం ఓపెనేనా? గైడ్‌కి అడ్వాన్స్ కట్టేశాను."

"బుధవారం విచారణ ఉంది తమ్ముడూ. అప్పటిదాకా ఎవరూ చెప్పలేరు."

"మరి వాళ్లు వస్తాయన్నారుగా, లక్షా ఇరవై వేలని?"

ఆ చివరి ప్రశ్నలోనే మా ప్రకటనల లోపం ఉంది. ఒకే సంఖ్య ప్రకటిస్తే జనం దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుంటారు. గతంలో తప్పిన తీరు చూస్తే 1,20,000 అన్నది 60,000 కావచ్చు, 1,80,000 కావచ్చు. ఆ రెండు అంచులూ ప్రకటన మొదటి వాక్యంలో ఉండాలి. పక్కనే ఏ అంచుకు సీజన్ ఎన్ని రోజులు ఉంటుందో చెప్పాలి. అప్పుడు గైడ్ అడ్వాన్సు ఎలా తీసుకోవాలో, బుకింగ్ వాపసు నిబంధన ఎలా పెట్టుకోవాలో ముందే తేల్చుకుంటాడు. ఎరల షాపు యజమాని హెర్రింగ్ ఎంత తెప్పించాలో చూసుకుంటాడు.

నాలుగోది ఇంకా తేలలేదు. సవరణకు ముందు దిగువ నది తన వాటా అంతా వాడేసుకుంటే, తర్వాత అంచనా పడిపోయినప్పుడు ఎగువ వాషింగ్టన్‌లో, స్నేక్ నది మీద వేటాడేవాళ్లకు మిగిలేది ఉండదు. వాళ్ల వాటాలో కొంత భాగాన్ని విడిగా పక్కన పెడుతున్నాం గానీ, అదీ డిసెంబరు అంచనా మీద లెక్కగట్టినదే. అంచనా 2005లోలా సగానికి పడితే ఆ పక్కన పెట్టినదీ కాగితం మీదే ఉంటుంది. ఎగువవాళ్ల భాగాన్ని శాతంగా కాకుండా, ఇన్ని చేపలని ఖాయంగా పక్కన పెట్టి, మిగతాది దిగువవాళ్లకు ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. దిగువ గైడ్లు దీనికి ఒప్పుకోరు, తక్కువ వచ్చే ఏడాది తమకు ఏమీ మిగలదని వాళ్ల వాదన. ఆ వాదన లెక్క ప్రకారం సరైనదే. అయినా తక్కువ వచ్చే ఏడాది ముందుగా ఆగాల్సింది చేపను ముందుగా చూసేవాళ్లేనని నేను అనుకుంటున్నాను.